ఆ రాత్రి అమ్మ నా పేరు ఎత్తలేదు

డెంగీలో జ్వరం దిగిన రోజే అసలు గండమని నాకెవరూ చెప్పలేదు. వానలు పట్టాక కంచరపాలెంలో మా వీధి నిండా జ్వరాలే. రక్త పరీక్షలు, సెలైన్లు, బొప్పాయి ఆకు రసం పట్టుకుని వచ్చిన చుట్టాలు, అవన్నీ విశాఖలో అందరికీ తెలిసినవే. ఆసుపత్రిలో ఒక సాయంత్రం నా ఒళ్లు చల్లబడింది. మా వారు స్థిమితపడి పిల్లవాడి కోసం ఇంటికి వెళ్లారు. అమ్మ ఉండిపోయింది.

అర్ధరాత్రి కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు, చల్లని చెమటలు. డ్యూటీ డాక్టరు గుమ్మంలోనే నిలబడి, "జ్వరం లేదు కదమ్మా, గ్యాస్ అయి ఉంటుంది, పడుకోండి" అని వెళ్లిపోయాడు. ఆ మాటను నేను ఇంకా క్షమించలేదు. నాడి పట్టి చూసి కంగారుపడింది నర్సు ఒక్కతే. పెద్ద డాక్టరుకు ఫోను చేసింది ఆమే. బీపీ పడిపోయింది, రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటికి కారి రక్తం చిక్కబడుతోంది. మేమంతా ప్లేట్‌లెట్ల అంకె పట్టుకుని కూర్చుంటే ముప్పు ఇటువైపు నుంచి వచ్చింది. సెలైను వేగం మారుస్తూ తెల్లవార్లూ ఆమె నా మంచం దగ్గరే ఉంది.

ఆ రాత్రి నా ప్రార్థనంతా బేరమే. బతికిస్తే చర్చిలో సాక్ష్యం చెబుతాను, కానుక వేస్తాను, పిల్లవాడు చిన్నవాడు ప్రభువా! అమ్మ మాత్రం నా అరికాళ్లు రుద్దుతూ "నీ నామానికి మహిమ కలగనీ తండ్రీ" అంటుంది, మళ్లీ అదే అంటుంది. నా పేరు ఎత్తదే! ఒళ్లు మండిపోయింది.

"నన్ను బతికించమని అడగవేమమ్మా?"

"నువ్వు నా కూతురివని ఆయనకు తెలియదా తల్లీ?"

బైబిల్లో యూదా రాజు హిజ్కియా ప్రార్థనలు రెండున్నాయి. అష్షూరు రాజు బెదిరించినప్పుడు, నీవొక్కడివే దేవుడివని లోకరాజ్యాలన్నీ తెలుసుకునేలా మమ్మల్ని కాపాడు అన్నాడు. తరువాతి అధ్యాయంలో తానే మంచం పట్టేసరికి, నేనెంత నమ్మకంగా నడిచానో గుర్తు చేసుకో అని ఏడ్చాడు. దేవుడు రెండూ విన్నాడు, 15 ఏళ్ల ఆయుష్షూ ఇచ్చాడు. యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు కూడా. అంటే వైద్యం! నాలాంటి బేరగాళ్లకు అది పెద్ద ఊరట. యేసు నేర్పిన ప్రార్థనలోనూ తండ్రి నామం ముందు వస్తుంది, రొట్టె తరువాత వస్తుంది. రొట్టె అడగవద్దని ఆయన అనలేదు.

పక్క మంచం మీద అనకాపల్లి నుంచి వచ్చిన ఆమెకూ డెంగీయే. వాళ్లింట్లో ఉపవాస ప్రార్థనలు జరుగుతున్నాయని చెప్పేది. ఐసీయూకు తీసుకెళ్లారు, తిరిగి రాలేదు.

మా సంఘ పెద్ద ఒకాయన ఆసుపత్రికి వచ్చి, "ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో చూసుకో అమ్మా" అన్నారు. నేను ఇల్లు చేరాక అదే నోటితో, "నీ విశ్వాసమే నిన్ను బతికించింది, ఆదివారం అలాగే సాక్ష్యం చెప్పు" అన్నారు. నేను బతకడం నా విశ్వాసానికి జీతమైతే, ఆమె విశ్వాసానికి ఏమి తక్కువైంది? దేవుని మహిమ అనే మాటను రోగుల నోరు మూయించడానికి వాడేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది. అమ్మ దాన్ని అలా వాడలేదు. నా మంచాన్నీ పక్క మంచాన్నీ కలిపి ఆయన చేతుల్లో పెట్టడానికి ఆమెకు ఆ ఒక్క మాట సరిపోయింది.

ఆదివారం నర్సు గురించి, సెలైను గురించి, అనకాపల్లి ఆమె గురించి చెప్పి కూర్చున్నాను. సంఘ పెద్ద ముఖం చిట్లించారు.

జ్వరం తగ్గాక కడుపు నొప్పి, వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, వీటిలో ఏది కనబడినా తెల్లవారనివ్వకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దు. డెంగీ దోమ నిలవ ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది, ఎక్కువగా పగలే కుడుతుంది. మేడ మీది డ్రమ్ములన్నింటికీ మూతలు చేయించాను. అమ్మ ప్రార్థనలో ఇప్పుడు ఆయన మహిమ తరువాత అనకాపల్లి ఆమె పిల్లలు, ఆ నర్సు, డ్యూటీ డాక్టరు వస్తారు. ఆ చివరి పేరు దగ్గర నేనింకా ఆమేన్ అనడం లేదు.