అద్దం బాగు చేయించొద్దన్న పిల్ల

"అమ్మా, ఆ అద్దం బాగు చేయించొద్దు. ప్లీజ్."

మే నెలాఖరు. విజయవాడ. రోళ్ళు పగిలే రోహిణి కార్తె. మా నాన్నగారి పాత ఏడు సీట్ల బండిలో ఎడమవైపు వెనక అద్దం కిందికి దిగిపోయి, ఇక పైకి రానని మొండికేసింది. ఏసీ చల్లదనమంతా రోడ్డు పాలవుతోంది, వడగాలి మొహాన కొడుతోంది. పన్నెండేళ్ళ పిల్ల అలాంటప్పుడా ఈ మాట అనడం? మా అమ్మ "దీనికి ఎండదెబ్బ తగిలిందే" అంది. నాన్న "నీ పోలికే" అని నావైపు చూసి నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అది ఎందుకలా అందో నాకు తెలుసు మరి.

డాలస్‌లో మా మినీవ్యాన్ డ్రైవర్ తలుపు మీద వెనక అద్దాల్ని కట్టడి చేసే లాక్ బటన్ ఉంటుంది కదా, అది మా బండిలో ఎప్పుడూ నొక్కే ఉంటుంది. పిల్ల కార్ సీట్లో కూర్చునే రోజుల్లో హైవే మీద అద్దం దించి సాక్సు విసిరేసింది, ఆ దెబ్బకి నొక్కేశాను. భయానికి కారణం లేకపోలేదు. పాత బండ్లలో స్విచ్ మీద మోకాలో మోచెయ్యో పడితే చాలు, అద్దం పైకి లేచిపోయేది. తల బయటపెట్టిన పిల్లల మెడలు ఇరుక్కున్న సంఘటనలు జరిగాకే అమెరికాలో 2005లో చట్టం చేశారు. స్విచ్‌ని పైకి లాగితేనే అద్దం ఎక్కాలి తప్ప నొక్కితే ఎక్కకూడదన్న నిబంధన అలా వచ్చింది. ఇవన్నీ చదివిన తల్లిని, లాక్ ఎందుకు తీస్తాను? కార్ సీటు పోయింది, బూస్టర్ సీటూ పోయింది, పిల్ల నా భుజం దాటింది. లాక్ అలాగే ఉంది.

గన్నవరంలో దిగి బండెక్కగానే నేనన్న మొదటి మాట, "నాన్నా, వెనక అద్దాలు లాక్ చేసెయ్యండి, దుమ్ము." ఆదివారం పూట పిల్లని మెడ పట్టి తెలుగు క్లాసుకి దింపేదీ నేనే. ఫోన్లో అమ్మమ్మతో ఇంగ్లీషు మాట దొర్లితే కళ్ళెర్రజేసేదీ నేనే. మా ఊరు, మా కృష్ణ, మా బస్సు కిటికీ అంటూ నిద్రపోయే ముందు కథలు చెప్పిందీ నేనే. తీరా ఊరొచ్చాక అద్దాలు బిగించి, ఏసీ పెంచి, "అదిగో చూడు, అది నేను చదివిన కాలేజీ" అని వేలితో చూపించడం మొదలుపెట్టాను. అది తల ఊపేది, మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయేది. ఊరికొచ్చినా ఫోనేనా అని దానికి మళ్ళీ ఒక క్లాసు.

తాతా మనవరాలూ కుమ్మక్కై నేను లేనప్పుడు లాక్ తీశారు. అద్దం అలా దిగిందన్నమాట.

మర్నాడు గుంటూరులో మా అత్తగారింటికి వెళ్ళాలి. బాగు చేయించే టైము లేదు. "పొద్దున్నే బయల్దేరితే ఎండ తగలదు" అన్నారు నాన్న. బయల్దేరేసరికి తొమ్మిదైంది, మన బయల్దేరడాలు తెలిసిందే కదా. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పడింది. పక్కన స్కూటీ మీద ఒకావిడ, వెనక కొడుకు, వాడి ఒళ్ళో రసాల బుట్ట. ఆవిడ మా పిల్లని చూసి, "ఏమ్మా, అంత పెద్ద బండిలో ఏసీ లేదా?" అంది. ఇంట్లో నేను తెలుగులో ఏది అడిగినా ఇంగ్లీషులో బదులిచ్చే పిల్ల తడుముకోకుండా, "ఉందాంటీ, అద్దం పాడైంది, పైకి రావట్లేదు" అంది. ఆవిడ "ఆటోనగర్ తీసుకెళ్ళమను, చిటికెలో చేస్తారు" అంది. "కానీ నాకు ఇలాగే బావుంది" అంది మా పిల్ల. పచ్చ లైటు పడింది. స్కూటీ వెళ్ళిపోయింది. ఫీజులు కట్టి నేను చెప్పించిన తెలుగంతా ఒక సిగ్నల్ దగ్గర, ముక్కూ మొహం తెలియని ఆవిడతో బయటికొచ్చింది. సంతోషించాలా, కుళ్ళుకోవాలా? రెండూ చేశాను.

వారధి ఎక్కాక ఇంకో ముచ్చట. మా నాయనమ్మ బస్సులో గుంటూరు వెళ్తూ నా చేతిలో పది పైసల బిళ్ళ పెట్టి కృష్ణమ్మకి వేయించేదని వందసార్లు చెప్పాను కదా, పిల్ల తాతయ్యని రూపాయి అడిగింది. వారధి కింద మే నెలలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ, ఆ సంగతి నా కథల్లో ఎప్పుడూ రాలేదు. అది చెయ్యి బయటపెట్టి విసిరింది, నేను "చెయ్యి లోపల పెట్టు!" అని అరిచాను, బిళ్ళ రెయిలింగుకి తగిలి రోడ్డు మీదే పడింది. "తాతయ్యా, ఇంకోటి" అంది. నాన్న జేబులో ఇంకోటి లేదు, ఇప్పుడు చిల్లర ఎవరి దగ్గరుంటోంది, అన్నీ ఫోన్ పేమెంట్లే. గుంటూరు దగ్గరపడ్డాక ఘాటు తగిలి నలుగురం వరసగా తుమ్మాం. ఎండాకాలం సెలవులకి మిర్చి యార్డు మూసి ఉన్నా మిరపకాయ ఆ ఊరిని వదలదు. అద్దం మూసి ఉంటే అదీ తెలిసేది కాదు.

మూడేళ్ళ చిన్నాడి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా పండగలా వినిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో వాడికి వేడి పడక రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మా అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. దాంతో పెద్దదాని ప్లీజులు పక్కన పెట్టి ఆటోనగర్ బయల్దేరాం. "నేనూ వస్తా" అంది అది, అలిగిన మొహంతోనే.

ఆటోనగర్ గురించి విజయవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. లారీ బాడీలు కట్టేవాళ్ళు, స్ప్రింగు కట్టలు కొట్టేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, ఒక్కో పనికి ఒక్కో వీధి. నాన్న దగ్గర ఒకప్పుడు చదువుకున్న ఎలక్ట్రీషియన్ షాపుకెళ్ళాం. "మాస్టారూ, రండి" అని స్టూలు తుడిచాడు. పిల్లని చూసి, "మనవరాలా? ఏం పాపా, ఇంజనీరువవుతావా?" అన్నాడు.

నేను ముందే యూట్యూబ్ చూసొచ్చాను, మోటార్ పోయిందని తీర్మానం చేసేశాను కూడా. ఆయన నా మాట వినలేదు. వెనక తలుపు స్విచ్ నొక్కి, టాప్‌లో వెలిగే రూమ్ లైటు వంక చూశాడు. కిందికి నొక్కితే లైటు కాస్త మసకబారింది. పైకంటే చలనం లేదు. "మోటార్ కరెంటు లాగితే లైటు తగ్గాలమ్మా. పైకి నొక్కినప్పుడు కరెంటే వెళ్ళట్లేదు." తలుపు లోపలి అట్ట ఊడదీసి, మోటార్‌కి రెండు వైర్లతో నేరుగా బ్యాటరీ ఇచ్చాడు. అద్దం గుర్రుమని పైకొచ్చేసింది. వైర్లు తారుమారు చేస్తే దిగింది. "చూశారా, మోటార్ రాయిలా ఉంది."

తర్వాత ఆయన వెనక స్విచ్ జోలికే పోకుండా డ్రైవర్ తలుపు దగ్గరికెళ్ళాడు. గీతలు పడకుండా స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి, స్విచ్‌ల పలకని ఒక అంచు నుంచి లేపాడు, కప్లర్ గొళ్ళెం నొక్కి వైర్లు విడదీశాడు. ఇలాంటి పాత బండ్లలో వెనక అద్దం పైకెళ్ళాలంటే కరెంటు తిరుగు దారిలో డ్రైవర్ దగ్గరున్న పెద్ద స్విచ్ గుండా వెళ్ళి ఎర్త్‌కి చేరాలట. ఆ ఒక్క పాయింటు చెడితే, వెనక నుంచి నొక్కినా ముందు నుంచి నొక్కినా అద్దం దిగుతుంది కానీ ఎక్కదు.

మా పిల్ల అప్పటిదాకా ఫోన్‌తో వీడియో తీస్తోంది. ఇది విని తల పైకెత్తి, "సో, నా విండో పైకెళ్ళాలంటే అమ్మ స్విచ్ ఓకే అనాలా?" అంది.

"అంతే పాపా, అన్నీ అక్కణ్ణుంచే."

నాన్న దగ్గొచ్చినట్టు అటు తిరిగారు.

ప్లాస్టిక్ పెట్టె గొళ్ళేలు ఒక్కొక్కటే తప్పించి, స్ప్రింగులు ఎగిరిపోకుండా అరచెయ్యి అడ్డుపెట్టి తెరిచాడాయన. లోపల చిన్న చిన్న రాగి పలకలు, తక్కెడ కాడల్లా ఒక్కో మీట కింద ఒక్కోటి. మూడు మెరుస్తున్నాయి. ఒకటి నల్లగా, అంచున చిన్న గుంట పడి ఉంది. "కార్బన్ పట్టింది. అద్దం పూర్తిగా ఎక్కాక కూడా వేలు తీయరు చూడండి, మోటార్ తిరగలేక కరెంటు మరీ ఎక్కువ లాగుతుంది. వేలు తీసినప్పుడు ఇక్కడ నిప్పురవ్వ. ఏళ్ళ తరబడి అంతే." అద్దం మూసుకుందని రూఢి అయ్యాక కూడా ఇంకో సెకను నొక్కిపట్టే అలవాటు ఎవరిదో నేను చెప్పను. నాన్నదీ కావచ్చు.

సన్న ఎమరీ పేపర్ ముక్క పిల్ల చేతిలో పెట్టి, "మెల్లగా రుద్దు, నలుపు పోవాలి, రాగి అరగకూడదు" అన్నాడు. మా ఇంట్లో స్క్రూడ్రైవర్ తీస్తే "పొడుచుకుంటావ్" అని లాక్కుంటాను. ఇక్కడ అది కాళ్ళు మడిచి నేల మీద కూర్చుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, గోరంత రాగి పలకని అరగంట రుద్దింది. చొక్కాకి గ్రీజు. నేను నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. ఆయన స్ప్రే కొట్టి, ఆరనిచ్చి, చూసీ చూడనంత గ్రీజు రాసి బిగించాడు. అద్దం పైకొచ్చింది. కొత్త స్విచ్ వేయిస్తే వేలల్లో అయ్యేది వందల్లో తేలింది, మాస్టారి దగ్గర అవీ తీసుకోనన్నాడు. నాన్న జేబులో కుక్కొచ్చారు.

ఇక్కడ ఆగి మీకో సలహా ఇద్దామనుకున్నాను. పిల్లల్ని ఊరికి తీసుకెళ్తే అద్దాలు దించండి, వాళ్ళ చేతికి పని ఇవ్వండి, అలాంటిది. రాస్తుంటే నాకే నమ్మకం చిక్కలేదు. ఆ రాత్రి నాన్నతో, "మా చిన్నప్పుడు అద్దాలు తీసుకునే కదా తిరిగాం, ఎంత బావుండేది" అన్నాను. ఆయన, "ఏసీ ఉంటే అప్పుడు మాత్రం ఎందుకు తీసేవాళ్ళమే? ఆ దుమ్ముకి మీ అమ్మకి ఎప్పుడూ దగ్గే" అన్నారు. నేను కథలుగా చెప్పుకున్న కిటికీ వీళ్ళకి గత్యంతరం లేక తెరిచిన కిటికీ. మా పిల్లకేమో సెలవుల సరదా. ఇక్కడే పుట్టి, ఆ ఎండలో రోజూ స్కూలు ఆటోలో ఇరుక్కుని వెళ్ళుంటే బాగు చేయించొద్దనేదా? స్కూటీ వెనక కూర్చున్న ఆ పిల్లాడు మా ఏసీ బండి వంక ఏ కళ్ళతో చూశాడో నేను గమనించనే లేదు. అలాగని, అది ఆ సిగ్నల్ దగ్గర మాట్లాడిన నాలుగు ముక్కలూ ఉత్త సరదా అని కొట్టిపారేయలేను. పిల్ల మంచికి చేసిన పనేదో, నా మొండితనానికి చేసిందేదో విడదీసి చూడబోతే రెండూ ఒక్క చోటే తేలుతున్నాయి.

డాలస్ వచ్చాక పిల్ల మొదటి వారమే పేచీ పెట్టింది, లాక్ తియ్యమని. ఇక్కడ అద్దం దించితే వినిపించేది టైర్ల హోరే, మామిడిపళ్ళ మైకు వినిపించదు అన్నాను. "వినిపించకపోతే నేనే మూసుకుంటా" అంది. మా ఆయన మధ్యవర్తిగా కూర్చుని ఒప్పందం కుదిర్చారు. హైవే మీద లాక్ ఉంటుంది, ఊళ్ళో ఉండదు. చిన్నాడివైపు అద్దం మాటేమిటి, ఒకే బటన్ ఇద్దరికీ కదా అని నేనడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. స్కూలుకెళ్ళే దారిలో హైవే పక్కనే సాగే ఫ్రంటేజ్ రోడ్డు ఊరి కిందికొస్తుందా, హైవే కిందికొస్తుందా అన్నది కూడా ఇంకా తేలలేదు. పొద్దున్నే అక్కడికి రాగానే నా వేలు బటన్ మీదికి పోతుంది, వెనక నుంచి "అమ్మా!" అని అరుపు.