చేతికర్ర నాటి సంగతి

రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అమ్మాయి రోజూ ఒకే మాట అనేది: "ప్రభువా, అన్నిటికీ స్తోత్రం, ఆమెన్." వింటుంటే నా మనసు చివుక్కుమనేది. ఒకరోజు ఉండబట్టలేక, ఈ దేశానికి వచ్చిన కొత్తలో మేం పడ్డ కష్టాలన్నీ ఏకరువు పెట్టి, "ఇవన్నీ ఊరికే వచ్చాయనుకున్నావా?" అన్నాను. తను తల దించుకుని, "అయితే నేను సారీ చెప్పాలా అమ్మా?" అంది.

కృతజ్ఞత నేర్పాలనుకుని పిల్ల నెత్తిన అప్పు పెట్టాను.

ఆ వారమే బైబిల్లోని ఆదికాండములో యాకోబు కథ మళ్ళీ చదివాను. 31వ అధ్యాయంలో తన మామ లాబానుతో, అతని దగ్గర పనిచేసిన 20 ఏళ్ళ గురించి చెబుతాడు: పగలు ఎండ, రాత్రి చలి, కంటికి నిద్ర లేదు, నా జీతం పదిసార్లు మార్చావు అని. 32వ అధ్యాయంలో అవే ఏళ్ళను దేవుని ముందు పెడతాడు. చేతికర్రతో మాత్రమే యొర్దాను దాటాను, ఇప్పుడు రెండు గుంపులయ్యాను, నీ కృపకు నేను తగను అంటాడు. గతం ఒక్కటే. లాబానుకు లెక్క అప్పజెప్పాడు, దేవునికి స్తోత్రం చెప్పాడు. నేను నా కూతుర్ని లాబాను చోట నిలబెట్టాను.

బెన్యామీను తప్ప యాకోబు కొడుకులందరూ లాబాను ఉన్న ఆ పరాయి దేశంలోనే పుట్టారు. వాళ్ళు మందలను చూశారు గానీ, వట్టి కర్రతో వచ్చిన నాన్నను చూడలేదు. మన పిల్లలూ అంతే కదా.

మళ్ళీ చెప్పాను, ఈసారి తీరిగ్గా, పక్కన కూర్చోబెట్టుకుని. వాళ్ళ నాన్న ఉద్యోగం పోయి అద్దె కట్టలేని నెలలో, సంఘంలోని ఒక ఆంటీ తలుపు తట్టి, చేతిలో ఒక కవరు పెట్టి, ప్రార్థన చేసి వెళ్ళిపోయింది. దేవుడు మమ్మల్ని మరిచిపోయాడని అంతకు ముందు రోజే అన్నాను. అది కూడా దాచలేదు. పిల్లల ముందు ఒప్పుకోవడం కష్టమే. కానీ దాన్ని దాచేస్తే ఆ కవరు విలువ వాళ్ళకు సగమే తెలుస్తుంది.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో, తొలి పంటలోని ప్రథమఫలాల గంప దేవునికి తెచ్చినవాడు ఐగుప్తుకు (ఈజిప్టుకు) వెళ్ళిన తన పూర్వీకుడైన తండ్రి గురించి మొదలుపెట్టి, కాసేపటికే ఐగుప్తీయులు "మమ్మల్ని" బాధపెట్టారు అంటాడు. ఐగుప్తును చూడని తరాలు కూడా అలాగే చెప్పాలి.

నిన్న రాత్రి మా అమ్మాయి ప్రార్థన కాస్త పొడుగ్గా సాగింది. "ప్రభువా, అద్దెకి మా దగ్గర డబ్బుల్లేనప్పుడు ఆ ఆంటీని పంపావు, స్తోత్రం" అంది. అప్పటికి తనింకా పుట్టలేదు.