అమిలాయిడ్ బీటా-42తో నా అనుభవం: పొడి నుంచి గ్రాఫు దాకా

నా పిహెచ్‌డీ రెండవ అధ్యాయానికి కావలసిన గ్రాఫులు ఈ వారమే పూర్తయ్యాయి. హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ బీటా-42 అనే పెప్టైడ్‌తో (చిన్న ప్రోటీన్ ముక్కతో) నేను పడిన పాట్లను కోపం చల్లారకముందే రాసిపెడుతున్నాను. ఇదే పనికి దిగబోయేవారికి పనికిరావచ్చు.

ప్రవేశ పరీక్ష, ఫెలోషిప్, కోర్సువర్కు ఇబ్బంది లేకుండా గడిచిపోయాయి. పెప్టైడ్ కొనడానికి కొనుగోలు విభాగం మూడు కొటేషన్లు అడిగింది. తీరా మే నెల ఎండల్లో వచ్చిన పెట్టె శంషాబాదు కార్గోలో ఏదో కాగితం కోసం ఆగిపోయింది. క్లియరింగ్ ఏజెంటు ఫోను ఎత్తలేదు. పెట్టె చేతికి వచ్చేసరికి అందులో డ్రై ఐస్ జాడే లేదు. ఆర్డరు ఏదైనా డిసెంబరులో పెట్టండి, ఏజెంటు మాట నమ్మకండి.

ప్రయోగం చెప్పడానికి చాలా సులువు. మెదడు కణాల పొరలో ఉండే ఏపీపీ అనే పెద్ద ప్రోటీన్‌ను బీటా సెక్రెటేజ్, ఆ తరువాత గామా సెక్రెటేజ్ అనే ఎంజైములు కోయగా ఈ చిన్న ముక్క పుడుతుంది. నలభై అమైనో ఆమ్లాల ముక్కే ఎక్కువగా తయారవుతుంది గాని, చివర మరో రెండు అమైనో ఆమ్లాలున్న 42 ముక్కకే గుమిగూడే గుణం ఎక్కువ. అల్జీమర్స్ రోగుల మెదడులోని ప్లాకుల్లో (ప్రోటీన్ గడ్డల్లో) ప్రధానంగా పేరుకునేదీ అదే. దీనిని, పోగులకు అంటుకుంటే వెలిగే థయోఫ్లావిన్-టి రంగుతో కలిపి, వెలుగును కొలిచే ప్లేట్ రీడర్‌లో 37 డిగ్రీల వద్ద ఉంచి, 440 నానోమీటర్ల కాంతి వేస్తే, పెప్టైడ్ గుమిగూడి పోగులు ఏర్పడినకొద్దీ 480 నానోమీటర్ల దగ్గర వెలుగు పెరుగుతుంది. గ్రాఫులో గీత మొదట కదలకుండా ఉండి, తరువాత నిటారుగా లేచి, చివరికి చదునవుతుంది.

పాఠ్యపుస్తకంలో అలా ఉంటుంది. నా ప్లేటులో మాత్రం ఒకే గొట్టంలోంచి తీసి పక్కపక్కన మూడు గుంటల్లో పోసిన ద్రావణం మూడు విధాలుగా ప్రవర్తించింది: ఒకటి పెట్టీపెట్టగానే లేచింది, రెండవది మధ్యాహ్నం లేచింది, మూడవది సాయంత్రం దాకా పడుకుంది. నీరు మార్చాను, బఫర్ మార్చాను, పెప్టైడ్ అంటుకోని ప్రత్యేకమైన ప్లేట్లు తెప్పించాను, ఈదురుగాలికి కరెంటు పోతుందని రీడర్‌ను యూపీఎస్ మీద పెట్టించాను. అయినా ఆ మూడూ ఏకం కాలేదు.

ఈ గీతలతోనే వార్షిక సమీక్షకు వెళ్లవలసి వచ్చింది. కమిటీలోని ఒక పెద్దాయన నా స్లైడు చూసి, "ఏమ్మా, ఇవి ఒక ప్రయోగానివా, మూడు ప్రయోగాలవా?" అని అందరినీ నవ్వించి, "మధ్య గీత ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్యి. కాస్త పసుపు సారం కలిపి, పోగులు తగ్గాయని చూపించు, పేపరు దానంతటదే వస్తుంది" అని సలహా కూడా ఇచ్చారు. నా జూనియర్లు వెనక వరుసలో కూర్చుని ఉన్నారు. ఇష్టం లేని ఫలితాన్ని తీసెయ్యమనేవారికి ఈ రంగం చరిత్రే సమాధానం చెబుతుంది: ఎలుకల్లో జ్ఞాపకశక్తిని దెబ్బతీసే ప్రత్యేకమైన అమిలాయిడ్ గుంపు దొరికిందని 2006లో నేచర్ పత్రికలో వచ్చి వేలసార్లు ఉదహరింపబడిన వ్యాసాన్ని, చిత్రాల్లో మార్పులు చేసినట్లు తేలినందువల్ల 2024లో వెనక్కి తీసుకున్నారు.

అసలు దోషం పొడిలో ఉంది. ఎంత శుద్ధమని సీసా మీద రాసినా, అందులో ముందే గుమిగూడిన నలుసులు ఉంటాయి, అవి సీసా సీసాకూ మారుతుంటాయి. గోరువెచ్చని పాలలో ఎవరో ముందే తోడు కలిపి పెట్టి, పెరుగు తోడుకోవడానికి ఎంతసేపు పడుతుందో కొలవమన్నట్లుగా ఉంది నా పరిస్థితి. దీనికి మార్గం, పొడిని, గుంపులను విప్పే 6 మోలార్ గ్వానిడిన్‌ ద్రావణంలో కరిగించి, పరిమాణాన్ని బట్టి అణువులను విడదీసే కాలమ్ గుండా పంపి, విడివిడి అణువులు దిగేటప్పుడు గ్రాఫులో కనిపించే శిఖరంలో నడిమి భాగం మాత్రమే పట్టుకుని, మంచులో ఉంచి, వెంటనే ప్లేటులో పోయడం. కాలమ్ మరో విభాగంలో ఉంది. దాని బుకింగ్ రిజిస్టరు చూసుకునే వ్యక్తి గురించి రాస్తే ఈ వ్యాసం ఆయనకే సరిపోతుంది.

శుద్ధి చేశాక మూడు గీతలూ ఒకదానిమీద ఒకటి ఎంత చక్కగా పడ్డాయంటే, తెరమీద ఒక గీతే కనిపించింది. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, మా అంతస్తులో ఇంత శుభ్రమైన గ్రాఫు మరెవరి దగ్గరా లేదు.

గీతలు కుదిరాకే వాటికి అర్థం చెప్పగలిగాను. పెప్టైడ్ గాఢత పెంచినకొద్దీ సగం ఎత్తుకు చేరే సమయం తగ్గిన తీరును బట్టి చూస్తే, కొత్త గుంపులు ఎక్కువగా పుట్టేది ఖాళీ ద్రావణంలో కాదు, అప్పటికే ఉన్న పోగుల ఒంటిమీద. 2013లో వెలువడిన పరిశోధన కూడా బీటా-42 విషయంలో ఇదే చూపింది. అంటే ప్లాకు ఒక మూల పడి ఉన్న చెత్త కాకపోవచ్చు, నాడీకణాల సంధులకు హాని చేస్తాయని భావిస్తున్న చిన్న ఒలిగోమర్లకు (కొన్ని అణువుల గుంపులకు) అది పుట్టిల్లు కావచ్చు. అయితే కథ ఇంతటితో అయిపోదు. ప్లాకులున్నా మతిమరుపు లేని వృద్ధులు ఉన్నారు, జబ్బు తీవ్రతతో ఎక్కువగా సరిపోయేవి నాడీకణాల లోపల ఏర్పడే టౌ అనే మరో ప్రోటీన్ చిక్కుముడులు. 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చిన, అమిలాయిడ్‌ను తొలగించే మందు లెకానెమాబ్ కూడా, తొలిదశ రోగుల్లో పద్దెనిమిది నెలల్లో క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసిందే గాని ఆపలేదు.

పసుపు సంగతి కూడా తేల్చాను. పసుపులోని కర్కుమిన్ పీల్చుకునే కాంతి, థయోఫ్లావిన్‌కు మనం వేసే కాంతి దాదాపు ఒకే చోట ఉంటాయి కనుక, పోగులు ఉన్నా వెలుగు తగ్గుతుంది. పూర్తిగా ఏర్పడిన పోగుల మీద కర్కుమిన్ వేయగానే రీడింగు పడిపోయింది. అదే ద్రావణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే పోగులు చెక్కుచెదరలేదు. ఆ చిత్రాన్నే తరువాతి సమీక్షలో మొదటి స్లైడుగా పెట్టాను. పెద్దాయన ఈసారి పసుపు ఊసెత్తలేదు, కాలమ్ ఖర్చు ఏ పద్దు కింద రాశారని మాత్రం అడిగారు.