ఏడెనిమిదులు ఎంత?

డిగ్రీ మొదటి ఏడాదంతా నాకు కాలేజీ అంటే ఉప్పల్ బస్సే. ఆఖరి క్లాసు అవ్వగానే కోఠి బస్టాపుకి పరుగు. కల్చరల్స్, క్లబ్బులు హాస్టల్ వాళ్లకే అనుకునేదాన్ని. (కొంత నిజమే. మీటింగులన్నీ సాయంత్రం అయిదింటికి పెడితే రోజూ బస్సెక్కేవాళ్లం ఎట్లా ఉంటాం చెప్పండి?)

రెండో ఏడాది ఎన్ఎస్ఎస్‌లో చేరింది సర్టిఫికెట్ కోసమే, దాచడమెందుకు. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల క్యాంపు. బ్యాడ్జీ మీద ఉన్నది కోణార్క్ రథచక్రమని కూడా చేరాకే తెలిసింది.

క్యాంపు సిటీ దాటాక ఒక ఊళ్లో. మూడో రోజు బడి గోడ మీద ఎక్కాలు రాసే పని నాకు పడింది. నీలం పెయింటు, సన్న బ్రష్షు, నెత్తిన ఎండ. ఏడో ఎక్కం అయిపోవస్తుంటే వెనక నుంచి ఒక పిల్లోడు, "అక్కా, ఏడెనిమిదులు యాభై ఆరు గదా?" అన్నాడు.

చూస్తే 54 అని రాసి ఉంది. బీఎస్సీ మ్యాథ్స్ నేను! నిచ్చెన పట్టుకున్న మా బ్యాచ్ అంతా పడీపడీ నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు. మొదటి ఎక్కం నుంచి గోడంతా వేలుపెట్టి చదువుకుంటూ వచ్చి, "మిగిలినయి కరెక్టే" అన్నాకే కదిలాడు.

తెల్ల పెయింటు పూసి 56 దిద్దాను. నిన్న ఫోన్‌లో ఆ ఫొటో కనబడింది. ఆ ఒక్క గడే మిగతా గోడకన్నా తెల్లగా, పక్కన వాడు నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం ఇన్విజిలేటర్‌లా.