నాలుగు సెకన్ల కంప్యూటర్

ఉగాది మర్నాడు పొద్దున బటన్ నొక్కితే గుర్రుమని ఫ్యాన్ తిరిగింది, నీలం లైటు వెలిగింది, ఠక్కున ఆరిపోయింది. మళ్లీ నొక్కినాను. మళ్లీ అంతే. మానిటర్ మీద ఒక్క అక్షరం రాలేదు. నా ట్యూషన్ పిల్లల లెక్కల పేపర్లు, తొమ్మిదేళ్లవి, అందులోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకోమని మా తమ్ముడు ఎన్నిసార్లు చెప్పినాడో. వేసుకుంటే కదా!

మా ఆయన ముందు యూపీఎస్ మీద పడినాడు. "బ్యాటరీ పోయింటుంది లే." యూపీఎస్ తీసేసి గోడ ప్లగ్గుకే పెట్టినాం. మార్పు లేదు.

బెంగళూరుకు ఫోన్ చేస్తే తమ్ముడు, "అక్కా, ప్లగ్గు పీకేసి, ర్యామ్ బయటికి తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దు" అన్నాడు. రుద్దినాను. బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ కూడా కొత్తది వేసినాను. ఊహూ. తర్వాత ఎస్‌ఎంపీఎస్ పరీక్ష, అంటే లోపల అన్నిటికీ కరెంటిచ్చే డబ్బాకు. మదర్‌బోర్డుకు పోయే 24 పిన్నుల పెద్ద కనెక్టర్ ఊడదీసి, ఆకుపచ్చ వైరు రంధ్రాన్నీ పక్కనుండే నల్ల వైరు రంధ్రాన్నీ యు పిన్నుతో కలిపి, అప్పుడు స్విచ్ వేయమన్నాడు. వేస్తే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరుగుతూనే ఉండింది, ఆగలేదు. లోడు పడితే ఎట్లుంటుందో దీంతో తెలీదు గానీ, అది చచ్చిపోలేదని మాత్రం తేలింది. ఆ డబ్బా మూత విప్పొద్దని రెండుసార్లు చెప్పినాడు. కరెంటు తీసేసినా లోపల కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుందంట.

ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోతోందేమో అనుకుని ఫ్యాన్ కింది దిమ్మె ముట్టుకుంటే బేతంచెర్ల బండ మాదిరి చల్లగా ఉంది.

సాయంత్రం రిపేరు అబ్బాయి వచ్చి, నిలబడుకునే బటన్ ఒకసారి నొక్కి చూసి, "మదర్‌బోర్డు పోయింది మేడం, ఏడు వేలవుతుంది" అని తేల్చేసినాడు. మూత కూడా విప్పలేదు. మా ఆయన సరే అనేదానికి రెడీ. రేపు చెప్తామని నేనే పంపించినాను.

రాత్రి నిద్ర పట్టక దాని ముందే కూర్చున్నాను. నొక్కుతా, లెక్కపెడతా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆఫ్. పదిసార్లు చేసినా నాలుగే! లెక్కల టీచర్ని కదా, అక్కడ అనుమానమొచ్చింది. వైరు లూజయితే ఒకసారి రెండుకు, ఒకసారి ఆరుకు పోవాల. ఇంత కచ్చితంగా నాలుగుకే ఆగుతోందంటే అది చెడిపోవడం కాదు, ఎవరో ఆపమంటే ఆగుతోంది. స్క్రీను బిగుసుకుపోయినప్పుడు నేను చేసేదేంది? బటన్ నొక్కి పట్టుకుంటాను. నాలుగు సెకన్లకు ఆరిపోతుంది!

టార్చి వేసి బటన్ను చూసినాను. నొక్కితే లోపలికి పోతోంది గానీ వెంటనే పైకి రావడంలేదు. ఏడెనిమిది సెకన్లకు తీరిగ్గా లేస్తోంది. అంటే ఆన్ చేసేదీ నేనే, నొక్కి పట్టుకుని ఆపేదీ నేనే అని పాపం అది అనుకుంటోంది. వేలు వాసన చూసుకుంటే నెయ్యి, బెల్లం. భక్ష్యం!

మా చిన్నోడు పండగ రోజు భక్ష్యం తింటూ గేమ్ ఆడినాడు. వాడి చేతికి అందేటట్టు కంప్యూటర్ డబ్బా అన్నం తినే బల్ల మీద ఎందుకుందంటే, దానికి వేరే కథ. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర మా ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి మా అత్త కరెంటు వస్తువు ఏదీ నేల మీద పెట్టనీదు. మిక్సీ అటక మీద, ఇస్త్రీ పెట్టె బీరువా మీద, కంప్యూటర్ బల్ల మీద.

పొద్దున తమ్ముడు వీడియోలో చూపిస్తుంటే, మదర్‌బోర్డు కింది మూలలో పవర్ స్విచ్ అని రాసుండే రెండు వైర్ల చిన్న ప్లగ్గు లాగేసినాను. బయటపడిన రెండు పిన్నులకూ స్క్రూడ్రైవర్ మొన ఒక్క క్షణం తాకించి తీసేయమన్నాడు. అక్కడ ఉండేది చాలా తక్కువ వోల్టేజి, షాక్ కొట్టదు అన్నా చెయ్యి వణికింది. తాకించినాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు... విండోస్ బొమ్మ వచ్చింది. ముందు పేపర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినాను.

బటన్ను స్పిరిట్‌తో ఎంత తుడిచినా జిగట పూర్తిగా వదలలేదు. అందుకని రీసెట్ బటన్ వైరు తెచ్చి పవర్ పిన్నులకు తగిలించినాం. స్విచ్ వైరు ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది, లైటు వైర్లకే ప్లస్సు మైనస్సు. ఇప్పుడు మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేయాలంటే రీసెట్టే నొక్కాల. దాని పక్కన చిన్నోడు స్కెచ్ పెన్నుతో "ఇది" అని రాసిపెట్టినాడు.

మధ్యాహ్నం రిపేరు అబ్బాయి ఫోన్ చేసినాడు, బోర్డు తెమ్మంటారా అని. ఫోనెత్తింది మా అత్త. "వద్దులే నాయనా, దానికి భక్ష్యం అరగలేదంతే" అని పెట్టేసింది.