డోలు దెబ్బకూ తాతగారి మాటకూ ఒకే రికార్డరు

మూడేళ్ల కిందట కనుమ నాడు మా కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినప్పుడు, ఒక ప్రభ ముందు నడుస్తున్న సన్నాయి మేళాన్ని దాదాపు ముప్పావు గంట సేపు ఫోనులో ఎక్కించుకున్నాను. ఇంటికి వచ్చి విన్నాను. సన్నాయి ఉంది, డోలు ఉంది, కాని రెండూ కలిసి లేవు. డోలు మీద గట్టి దెబ్బ పడిన ప్రతిసారీ ఎవరో గొంతు నొక్కినట్టు సన్నాయి అణగిపోతోంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య కాస్త ఎడం దొరికితే మళ్లీ ఉబికి వస్తోంది. మాట స్పష్టంగా వినిపించడం కోసం ఫోను తనంతట తానే శబ్దాన్ని హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటుందనీ, మాట కానిదాన్ని రొదగా లెక్కగట్టి చెరిపేయబోతుందనీ నాకప్పటికి తెలియదు. మేళగాళ్లు పెంచుతూ తగ్గిస్తూ వాయించిన వాయింపంతా ఫోను చేతిలో చదునైపోయింది.

నాకున్న పని రెండు రకాలు. మా వైపు మేళాలు, బుర్రకథలు, భజనలు, జాతరల్లో అమ్మవారి ఘటాలైన గరగలు ఎత్తినప్పుడు మోగే డప్పులు రికార్డు చేసి దాచుకోవడం ఒకటి. కాలువల మీద గూటి పడవలు తిరిగిన రోజులనూ, 1986 ఆగస్టు వరదలనూ, 1996 నవంబరు తుఫానునూ కళ్లారా చూసిన పెద్దవాళ్ల చేత మాట్లాడించి ఆ మాటలను భద్రపరచడం రెండోది. రికార్డరు కొనాలని తిరగడం మొదలుపెట్టాక అర్థమైందేమిటంటే, ఈ రెండు పనులూ యంత్రం నుంచి కోరేవి దాదాపు ఎదురెదురు గుణాలు. మొదటిదానికి మోతను తట్టుకునే శక్తి కావాలి. రెండోదానికి తన సొంత రొద లేకుండా నిశ్శబ్దాన్ని వినగలిగే చెవి కావాలి.

ఇది తెలియక ముందు కొన్నది, కార్యాలయాల్లో సమావేశాల మాటలు ఎక్కించుకోవడానికి వాడే సన్నని వాయిస్ రికార్డరు. జేబులో పడుతుంది, మీట నొక్కితే మొదలవుతుంది, మాట చక్కగా వినిపిస్తుంది. కాని అది శబ్దాన్ని ఎంపీ3గా కుదించి మాత్రమే దాచగలదు. శబ్దం ఎంత మేర ఎక్కాలో చెప్పే లెవెల్‌ను మన చేత్తో పెట్టుకునే వీలు అందులో లేదు. దాన్ని పట్టుకుని ఒక పెళ్లి మేళం దగ్గర కూర్చుంటే, సన్నాయి పై స్థాయికి వెళ్లిన చోటల్లా రేకు మీద మేకుతో గీసినట్టు వచ్చింది. శబ్ద తరంగపు కొన యంత్రం కొలవగల హద్దు దాటితే ఆ కొన తెగిపోతుంది. తెగిన భాగం ఫైలులో ఎక్కడా ఉండదు కాబట్టి తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు. శబ్దం తక్కువగా ఎక్కితే పెంచుకోవచ్చు, తెగితే అతకలేము. ఆ రికార్డరు ఇప్పుడు మా మేనల్లుడి కాలేజీ పాఠాలకు నిక్షేపంగా పనిచేస్తోంది.

రెండోసారి కొనబోయే ముందు వివరాల పట్టికలు చదవడం నేర్చుకున్నాను. మేళాల కోసం అందులో చూడవలసిన అంకె, మైకు భరించగల గరిష్ఠ శబ్దం. నేను చూసిన చేతి రికార్డర్లలో జూమ్ హెచ్1ఎన్‌కు అది 120 డెసిబెల్స్, టాస్కామ్ డీఆర్-05ఎక్స్‌కు 125, జూమ్ హెచ్4ఎన్ ప్రోకు 140. పైకి చూస్తే ఇరవై అంకెల తేడాయే కదా అనిపిస్తుంది గాని, డెసిబెల్ లెక్కలో ఇరవై పెరిగితే శబ్దపు ఒత్తిడి పదింతలు అవుతుంది. అలాగని 140 ఉన్నదే కొనాలని నేననను. ఆరుబయట శబ్దం నుంచి దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతాయి. డోలుకు మీటరు దూరంలో నిలబడినవాడు నాలుగు మీటర్లకు జరిగితే పన్నెండు తగ్గినట్టే. నాలుగడుగులు వెనక్కి వేయడానికి ఎవరికీ పైసా చెల్లించనక్కరలేదు. పైగా మేళం వినవలసిన దూరం కూడా అదే, డోలు పక్కన చెవి పెట్టి ఎవరు వింటారు గనుక!

మాటల విషయంలో ఇదే లెక్క తలకిందులవుతుంది. ప్రతి రికార్డరులోనూ, మైకు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెంచే భాగానికి తనదైన సన్నని బుస ఒకటి ఉంటుంది. ఎనభై ఏళ్ల పెద్దావిడ అరుగు మీద కూర్చుని, తుఫాను రాత్రి సంగతి చెబుతూ చెబుతూ గొంతు తగ్గించినప్పుడు, ఆ మాట వినబడాలని లెవెల్ పెంచితే బుస కూడా పెరుగుతుంది. ఈ బుస సంగతి పెట్టె మీద అరుదుగా రాస్తారు. తెలుసుకోవడానికి నేను పాటించిన పద్ధతి మోటుదే: రాత్రి అందరూ పడుకున్నాక గదిలో లెవెల్ నిండా పెంచి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కో యంత్రం ఎంత బుసకొడుతోందో వినడం. అయితే ఇక్కడ కూడా దూరమే పెద్ద మందు. ఎనభై సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును ఇరవై సెంటీమీటర్లకు తెస్తే మళ్లీ అదే పన్నెండు డెసిబెల్స్ లాభం, ఈసారి మనవైపు. ఖరీదైన రికార్డరును బల్ల మీద దూరంగా పెట్టడం కంటే, మామూలు రికార్డరుకు చిన్న కాలరు మైకు తగిలించి చొక్కాకు గుచ్చడం ఎన్నో రెట్లు మేలు.

సంగీతమంతా మోతే అనుకోవడం కూడా పొరపాటని వీణ దగ్గర తెలిసింది. వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు పుట్టిన ద్రాక్షారామం వైపు, వీణ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి సాధనను వాళ్లింట్లో రికార్డు చేశాను. మీటు వేసిన తర్వాత తీగను లాగి పలికించే గమకం చివర, స్వరం సన్నబడుతూ సన్నబడుతూ పోయే చోట, సగం దాకా వీణ వినిపించి మిగతా సగంలో నా యంత్రం బుస వినిపించింది. వీణకు కావలసింది మేళానికి కావలసిన రికార్డరు కాదు. పెద్దావిడ మాటకు కావలసిన రికార్డరే.

ఇక మైకుల తీరు. రెండు రకాల యంత్రాలు అరువు తెచ్చుకుని ఒకే సాయంత్రం ఒక బుర్రకథ దళం సాధన దగ్గర పక్కపక్కనే పెట్టి చూశాను. హెచ్1ఎన్‌లో రెండు మైకులు ఒకదానికొకటి అడ్డంగా, తొంభై డిగ్రీల కోణంలో, ఎదుటి శబ్దాన్ని ఎక్కువగా పట్టుకునేలా ఉంటాయి. డీఆర్-05ఎక్స్‌లోవి అన్ని దిక్కులనుంచీ ఒకే తీరున వినే మైకులు. మొదటిదానిలో కథకుడు నడుమ, గుమ్మెటలు వాయించే వంతలు చెరోవైపు, ఎవరి చోట వాళ్లు కళ్లకు కట్టినట్టు నిలబడ్డారు. హాస్యం చెప్పేవాడు ఎటున్నాడో కళ్లు మూసుకుని చెప్పవచ్చు. రెండోదానిలో ఆ ఎడం కొంత పలచబడింది, కాని గుమ్మెట అడుగు స్వరం నిండుగా, కడుపులోంచి వచ్చినట్టు వచ్చింది. అన్ని దిక్కులూ వినే మైకుకు గాలి తాకిడి, చేతి కదలిక చప్పుడు కూడా తక్కువగా ఎక్కుతాయి. దాని లోపం మరొకటి: వెనుక కొబ్బరి తోటలో నడుస్తున్న నీళ్ల మోటారును కూడా అతిథి మర్యాదతో లోపలికి రానిచ్చింది.

బయటి మైకు తగిలించే చోటు లేని రికార్డరును మాత్రం ఎవరూ కొనవద్దు. అందులోనూ ఒక మెలిక ఉంది. ఫోన్ల కోసం అమ్మే కాలరు మైకు పిన్నుకు నాలుగు లోహపు కడియాలుంటాయి, రికార్డరు కోరేది మూడు కడియాల పిన్ను. నేను మొదట తెచ్చినది తగిలిస్తే మాట బావిలోంచి వచ్చినట్టు వచ్చి, వారం రోజులు రికార్డరునే అనుమానించాను. మైకుకు కావలసిన కొద్దిపాటి కరెంటును ఆ రంధ్రం ద్వారానే అందించే సదుపాయం రికార్డరు మెనూలో ఉంటుంది, దాన్ని తెరిచి పెట్టుకోవాలి. స్టేజీల మీద వాడే పెద్ద మైకులకు 48 వోల్టుల సరఫరా, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలు కావాలి; హెచ్4ఎన్ ప్రో, టాస్కామ్ డీఆర్-40ఎక్స్ వంటివి అందుకే. కపిలేశ్వరపురంలో హరికథ నేర్పే పాఠశాల ఉన్న ప్రాంతం మాది, ఉత్సవాల్లో హరికథకు ఇంకా చోటుంది. మైకు సెట్టు వాళ్ల మిక్సరు నుంచి నేరుగా తీగ తీసుకునే అవకాశం తరచుగా దొరికేవారికి ఆ రకం తీసుకోమనే చెబుతాను. డీఆర్-40ఎక్స్‌లో, అదే శబ్దాన్ని కొంచెం తక్కువ లెవెల్‌లో రెండో ఫైలుగా కూడా దాచే సదుపాయం ఉంది. హఠాత్తుగా టపాకాయ పేలితే రెండోది కాపాడుతుంది. నాకు అటువంటి కచేరీలు ఏడాదికి రెండు మూడుకు మించవు. పైగా మూడు పిన్నుల మైకులు, తీగలు, స్టాండు సంచిలో వేసుకుని పంటు దాటి లంక గ్రామానికి వెళితే, మాట్లాడవలసిన పెద్దాయన ఆ సామాను చూసే బిగుసుకుపోతాడు.

ఈ మధ్య వచ్చిన, శబ్దాన్ని మరింత విశాలమైన కొలతలో దాచే 32 బిట్ ఫ్లోట్ యంత్రాల గురించి చాలామంది అడుగుతున్నారు. 2022లో వచ్చిన జూమ్ ఎఫ్3, 2024లో వచ్చిన హెచ్1ఎసెన్షియల్ ఆ కోవలోవి. లెవెల్ ఎంత పెట్టాలన్న బెంగే లేకుండా ఎక్కించుకుని తర్వాత సరిచేసుకోవచ్చు. అది నిజమే, కంగారు మనిషికి వరమే. కాని హెచ్1ఎసెన్షియల్ మైకు హద్దు ఇప్పటికీ 120 డెసిబెల్సే. మైకు దగ్గరే చితికిన శబ్దాన్ని వెనుకనున్న ఏ బిట్లూ బాగుచేయలేవు. ఎఫ్3లో అసలు సొంత మైకే లేదు. లెవెల్‌ను అత్యధిక శబ్దం కూడా హద్దుకు పన్నెండు డెసిబెల్స్ కిందనే ఆగేలా పెట్టుకునే అలవాటున్నవాడికి మామూలు 24 బిట్లు ధారాళంగా సరిపోతాయి.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్లతో, కుదించకుండా దాచే స్టీరియో వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 17 ఎంబీ, గంటకు ఒక జీబీ. 32 జీబీ కార్డులో ముప్పై గంటలు పడుతుంది. నమ్మకమైన దుకాణంలోనే కార్డు కొనడం, కొన్నాక దాన్ని రికార్డరులోనే ఫార్మాట్ చేయడం తప్ప ఇందులో చెప్పవలసినదేమీ లేదు. బ్యాటరీ సంగతి అలా కాదు. సన్న ఏఏఏ రీఛార్జి సెల్ సామర్థ్యం సుమారు 800 మిల్లీ ఆంపియర్ అవర్లయితే, ఏఏ పెన్సిల్ సెల్‌ది సుమారు 2,000. లంకలో ఏ కిరాణా కొట్లోనైనా పెన్సిల్ సెల్ దొరుకుతుంది; లోపలే అతికించిన బ్యాటరీ అయిపోతే ఆ పూటకు తిరుగుముఖం పట్టడమే. రీఛార్జి సెల్‌లు 1.2 వోల్టులవి, మామూలు ఆల్కలైన్ సెల్‌లు 1.5 వోల్టులవి కనుక ఏవి వేశామో మెనూలో చెప్పకపోతే మిగిలిన చార్జీ లెక్క తప్పు చూపిస్తుంది. నాకు ఒకసారి రికార్డింగు నడుమ సెల్‌లు అయిపోయి, ఫైలు సరిగా మూసుకోక ఇరవై నిమిషాల మాట పోయింది. అప్పటినుంచి అరగంటకొకసారి ఆపి మళ్లీ మొదలుపెడుతున్నాను.

గాలికి మాత్రం విడిగా ఖర్చు పెట్టక తప్పదు. అంతర్వేది ఇసుకలో నిలబడి రికార్డు చేయబోతే, పెట్టెతో వచ్చే స్పాంజి తొడుగు ఉన్నా లేనట్టే. బొచ్చు తొడుగు కావాలి. అడుగు స్వరాలను కోసే మీట మాటలకు పనికొస్తుంది, గాలి గుబగుబ తగ్గుతుంది, కాని గుమ్మెట దగ్గర దాన్ని నొక్కితే గుమ్మెటే పోతుంది. మా చిత్తడి గాలికి రికార్డరును సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచుతున్నాను.

చివరకు నేను తీసుకున్నది డీఆర్-05ఎక్స్. ఏఏ సెల్‌లు, నిండైన అడుగు స్వరం, బయటి మైకుకు చోటు, ఈ మూడూ చూసి నిర్ణయించుకున్నాను. మిగిలిన డబ్బు కాలరు మైకుకూ బొచ్చు తొడుగుకూ పెట్టాను. బుర్రకథలో వంతల ఎడం పోయినందుకు ఇప్పటికీ కొంత బాధ ఉంది. మేళాలకు నాలుగైదు మీటర్ల దూరం పాటిస్తున్నాను, ఇంతవరకు ఒక్క డోలు దెబ్బా తెగలేదు.

మొదట మాట్లాడించింది, కాలువ లాకుల దగ్గర లస్కరుగా చేసి దిగిపోయిన ఒక తాతగారిని. రికార్డు చేసుకోవచ్చా అని అడిగితే, "ఆయ్, చేసుకోండి మాస్టారూ, ఇంతకీ నా మాటెవరు వింటారండీ?" అన్నారు. కండువా మడత పెట్టి దాని మీద రికార్డరు ఉంచాను. బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు కదిపిన చప్పుడు కూడా ఎక్కుతుంది. కాలరు మైకు ఆయన పంచె బొందుకా, బనీనుకా అన్న తర్జనభర్జనలో బనీను గెలిచింది. లాకు తలుపులు తెరిచి నీటిమట్టాలు సమం చేయడం, గెడ వేసే పడవవాళ్లతో వాదులాటలు, అన్నీ చెప్పారు. వినబోతే మాట కింద ఆద్యంతం ఒకటే హోరు, పైనున్న ఫ్యాను. మే నెలలో ఎనభై దాటిన మనిషిని ఫ్యాను ఆపుకొమ్మని ఏ నోటితో అడగను? మర్నాటి నుంచి తెల్లవారుజామున అయిదున్నరకే వెళ్లడం మొదలుపెట్టాను. ఆ వేళకు ఆయన అరుగు మీద వేపపుల్లతో కూర్చుని ఉంటారు, ఫ్యాను లోపలే ఉండిపోతుంది. ఆ ఫైళ్లలో కాకులు మాత్రం ఉన్నాయి, వాటిని అలాగే ఉంచేశాను.