ఒక్క లాగిన్, నాలుగు యాప్‌లు

పర్లాకిమిడిలో ఇంటి నుంచే పని. కాల్‌లో భువనేశ్వర్ వాళ్లతో ఒడియా, పాతపట్నం తమ్ముడితో తెలుగు. మా వెబ్‌సైట్ పైకి ఒకటే, లోపల నాలుగు మైక్రో ఫ్రంటెండ్‌లు (ఒకే సైట్‌లా కలిసి నడిచే విడివిడి యాప్‌లు), ఒక్కోదానికి ఒక్కో టీమ్. ఈ వారం టెన్షన్ ఏంటంటే, యూజర్లు పని మధ్యలో ఉన్నట్టుండి లాగౌట్ అయిపోతున్నారు.

తవ్వి చూస్తే, యాక్సెస్ టోకెన్ (లాగిన్ అయ్యాక దొరికే తాత్కాలిక పాస్) గడువు తీరగానే నాలుగు యాప్‌లూ ఒకే రిఫ్రెష్ టోకెన్ (కొత్త పాస్ తెచ్చుకునే చీటీ) పట్టుకుని సర్వర్ దగ్గరికి పరిగెడుతున్నాయి. రొటేషన్ (వాడిన ప్రతిసారీ రిఫ్రెష్ టోకెన్‌ని మార్చే పద్ధతి) ఉన్నచోట అది ఒక్కసారే చెల్లుతుంది. ముందు వెళ్లినదానికి కొత్తది దొరుకుతుంది. వెనకాల పాతది చూపించినదాన్ని సర్వర్ దొంగ అనుకుని సెషన్ మొత్తాన్నీ రద్దు చేస్తుంది. పాపం, దాని కాపలా అది కాస్తోంది!

ఇప్పుడు రిఫ్రెష్ పని షెల్ యాప్ (యాప్‌లన్నిటినీ కలిపి చూపించే పై పొర) ఒక్కదానిదే, మిగతావి దాన్నే అడగాలి. నన్నడిగితే టోకెన్లు అసలు బ్రౌజర్‌కే రాకూడదు. బ్యాకెండ్‌లో ఉంచి, బ్రౌజర్‌కి హెచ్‌టీటీపీ ఓన్లీ కుకీ, అంటే పేజీలోని జావాస్క్రిప్ట్ చదవలేని కుకీ, ఇస్తే చాలు (సీఎస్‌ఆర్‌ఎఫ్ నుంచి, అంటే వేరే సైట్ మన కుకీతో దొంగ రిక్వెస్ట్ పంపించడం నుంచి, రక్షణ మాత్రం మరవకూడదు). బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో (పేజీలోని ఏ జావాస్క్రిప్ట్‌కైనా అందే చోటు) పెడితే, ఒకే పేజీలో నడిచే ఏ యాప్‌లో ఎక్స్‌ఎస్‌ఎస్ లోపం (బయటివాళ్ల కోడ్ పేజీలోకి దూరే సందు) ఉన్నా అందరి కొంపా మునుగుతుంది.

"అడ్మిన్ బటన్ దాచేశాం కదన్నా, మళ్లీ ఏపీఐలో చెక్ ఎందుకు?" అన్నాడు తమ్ముడు. ఏపీఐ అంటే యాప్ రిక్వెస్ట్‌లు సర్వర్‌కి చేరే దారి. బటన్ లేకపోయినా ఆ రిక్వెస్ట్ ఎవడైనా నేరుగా పంపగలడు. హక్కు ఉందో లేదో ప్రతిసారీ సర్వరే చూడాలి.

ఇంకోటి మిగిలింది. సర్వర్ జవాబు 401 (నువ్వెవరో తెలియదు) అంటే లాగిన్‌కి పంపాలి, 403 (నువ్వెవరో తెలుసు, హక్కు లేదు) అంటే అనుమతి లేదని చెప్పి ఊరుకోవాలి. ఒక యాప్ రెండింటికీ లాగిన్ పేజీకే తోస్తోంది. ఆ టీమ్ లీడ్ సోమవారం గానీ దొరకడు.